పిల్లల కారు సీటు: చట్టంలో ఒక్క ‘లేదా’.. ఏ వయసుకి ఏ సీటో తేల్చుకోవాల్సింది తల్లిదండ్రులే!

సంక్రాంతి ముందు రోజు హైదరాబాద్-విజయవాడ హైవే మీద పంతంగి టోల్ ప్లాజా దగ్గర ఆగిన కార్లలోకి ఒక్కసారి చూడండి. డ్రైవింగ్ సీట్లో ఉన్నాయన బెల్టు పెట్టుకునే ఉంటారు. పక్క సీట్లో అమ్మ, ఆమె ఒళ్లో ఏడాదిన్నర పాప. వెనక సీట్లో తాతయ్య, నానమ్మ. వాళ్లిద్దరి మధ్యలో నిలబడి ముందు అద్దంలోంచి రోడ్డు చూస్తున్న ఆరేళ్ల బాబు. కారులో అందరికంటే చిన్నవాళ్లు ఎవరో, వాళ్లకే ఏ రక్షణా ఉండదు. ఇది నిర్లక్ష్యం అనడానికి కూడా లేదు. మన ఇళ్లలో పిల్లలకి అమ్మ ఒడికంటే సేఫ్ ప్లేస్ లేదని గట్టి నమ్మకం. ఇంట్లో అది నిజమే. కదిలే కారులో మాత్రం కాదు.

2024 సెప్టెంబరులో కేరళలోని మలప్పురం జిల్లాలో ముందు సీట్లో తల్లి ఒళ్లో ఉన్న రెండేళ్ల పాప, అదే ఏడాది డిసెంబరులో నవీ ముంబైలో ముందు సీట్లో కూర్చున్న ఆరేళ్ల బాబు.. ఇద్దరూ ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్న ప్రమాదాల్లో ప్రాణాలు కోల్పోయారు. పెద్దల ప్రాణాలు కాపాడే పరికరమే పిల్లల విషయంలో ఎందుకు ప్రమాదంగా మారుతోంది? చట్టం ఏం చెబుతోంది? పెరిగే పిల్లలకి ఎప్పుడు ఏ సీటు వాడాలి? వివరంగా చూద్దాం.

చట్టంలో ఉన్నది ఇదీ..

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194బీ అనే సెక్షన్ ఉంది. 14 ఏళ్లు నిండని పిల్లల్ని సీటు బెల్టుతో లేదా చైల్డ్ రిస్ట్రెయింట్ సిస్టమ్‌తో, అంటే పిల్లల కోసం చేసిన ప్రత్యేక సీటుతో, కట్టి కూర్చోబెట్టకుండా బండి నడిపితే 1,000 రూపాయల జరిమానా. చాలామందికి ఈ సెక్షన్ ఉందనే తెలియదు.

ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సిన మాట ఒకటుంది. అదే ‘లేదా’. బెల్టు లేదా పిల్లల సీటు.. రెంటిలో ఏదైనా సరే అంటోంది చట్టం. అంటే రెండేళ్ల పాపకి పెద్దవాళ్ల బెల్టు చుట్టేసినా జరిమానా తప్పుతుంది. కానీ ఆ బెల్టు ఆ పాపకి సరిపోతుందా? సరిపోదు. ఏ ఎత్తుకి, ఏ బరువుకి ఏ సీటు అన్నది ఆ సెక్షన్ చెప్పదు.

విచిత్రం ఏంటంటే, బైకుల విషయంలో మన రూల్స్ ఇంతకంటే స్పష్టంగా ఉన్నాయి. నాలుగేళ్ల లోపు పిల్లల్ని టూ వీలర్ మీద తీసుకెళ్తే సేఫ్టీ హార్నెస్ కట్టాలి, హెల్మెట్ పెట్టాలి, వేగం గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు. 2022 ఫిబ్రవరిలో కేంద్రం ఈ నోటిఫికేషన్ ఇచ్చింది. అదే పాప కారెక్కితే మాత్రం వయసు ప్రకారం ఇలాంటి లెక్క ఏదీ లేదు.

కేరళ ప్రయత్నం.. ఒక్క రోజులోనే వెనక్కి

ఈ లోటు పూడ్చాలని కేరళ రవాణా శాఖ కమిషనర్ 2024 అక్టోబరులో ఒక ప్రకటన చేశారు. నాలుగేళ్ల లోపు పిల్లలకి వెనక సీట్లో చైల్డ్ సీటు, 4 నుంచి 14 ఏళ్ల మధ్య ఉండి 135 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తున్న పిల్లలకి బూస్టర్ సీటు తప్పనిసరి అన్నారు. అక్టోబరులో అవగాహన, నవంబరులో హెచ్చరికలు, డిసెంబరు నుంచి జరిమానా అని ప్లాన్ కూడా చెప్పారు. జనం నుంచి వ్యతిరేకత వచ్చింది. వెంటనే రవాణా మంత్రి కె.బి.గణేశ్ కుమార్ జోక్యం చేసుకుని జరిమానాలు ఉండవని తేల్చేశారు.

మంత్రి వెనక్కి తగ్గడానికి కారణాలు అర్థం చేసుకోవచ్చు. చిన్న కారులో ఆరుగురు ఎక్కే ఇళ్లున్నాయి. సీటుకి వేలల్లో ఖర్చవుతుంది. కానీ ఆ గొడవలో అసలు ప్రశ్న పక్కకి పోయింది. జరిమానా ఉన్నా లేకపోయినా ప్రమాదం జరిగినప్పుడు శరీరం మీద పడే దెబ్బ ఒక్కటే. రూల్ వెనక్కి వెళ్లొచ్చు. ఫిజిక్స్ వెనక్కి వెళ్లదు.

గట్టిగా పట్టుకుంటే చాలదా?

ఇది అందరూ అడిగే ప్రశ్నే. చిన్న లెక్క వేద్దాం. కారు గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది. సిటీలో మామూలు స్పీడే. ఎదురుగా దేన్నో ఢీకొట్టి సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోయింది అనుకుందాం. ఆ క్షణంలో 10 కిలోల పాప అమ్మ చేతుల మీద చూపించే భారం సగటున 140 కిలోలు. అదీ సగటు మాత్రమే, గరిష్ఠంగా ఇంకా ఎక్కువ ఉంటుంది. ఒక క్వింటాకి పైగా బరువుని ఏ సూచనా లేకుండా, రెప్పపాటులో, చేతులతో ఆపగలిగే మనిషి ఎవరూ లేరు. ఎంత ప్రేమ ఉన్నా చేతులు విడిపోతాయి.

ఇంకోలా చెప్పాలంటే, 50 కిలోమీటర్ల వేగంతో గుద్దుకోవడం అంటే దాదాపు మూడంతస్తుల మేడ మీద నుంచి పడటంతో సమానం. మేడ మీద పిట్టగోడ లేకపోతే పిల్లల్ని అటువైపు పోనివ్వం కదా? గరిష్ఠ వేగం 120 కిలోమీటర్లున్న హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆ ఎత్తు ఎంత పెరుగుతుందో ఊహించుకోండి. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగు రెట్లవుతుంది.

ముందు సీట్లో ఇంకో ప్రమాదం ఉంది. అమ్మకీ డ్యాష్‌బోర్డుకీ మధ్యలో పాప ఉంటే, వెనక నుంచి అమ్మ శరీర భారం, ముందు నుంచి రెప్పపాటు కంటే తక్కువ సమయంలో దూసుకొచ్చే ఎయిర్‌బ్యాగ్. అది బెల్టు పెట్టుకుని వెనక్కి ఆనుకుని కూర్చున్న పెద్ద మనిషిని దృష్టిలో పెట్టుకుని తయారైంది. ఒళ్లో ఉన్న పాప తల సరిగ్గా దాని దారిలోనే ఉంటుంది.

పెద్దల బెల్టు ఎందుకు పనికిరాదు?

సీటు బెల్టు మన శరీరంలో గట్టి ఎముకల మీద ఆనేలా డిజైన్ చేశారు. కింది పట్టీ తుంటి ఎముకల మీద, పై పట్టీ భుజం మధ్యలోంచి ఛాతీ మీదుగా రావాలి. సుమారు 145 సెంటీమీటర్లు, అంటే 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు వస్తేనే ఇది కుదురుతుంది. అంతకంటే పొట్టిగా ఉంటే కింది పట్టీ పొట్ట మీదకి ఎక్కుతుంది, పై పట్టీ మెడకి తగులుతుంది. ప్రమాదంలో పిల్లలు బెల్టు కింద నుంచి జారిపోతారు, భారమంతా పొట్టలోని మెత్తటి అవయవాల మీద పడుతుంది. మెడకి గుచ్చుకుంటోందని పిల్లలు పై పట్టీని చంక కిందకి తోసేస్తారు. అప్పుడు ఇంకా ప్రమాదం.

పసిపిల్లల విషయం వేరు. అప్పుడే పుట్టిన పాప శరీరం పొడవులో తలే దాదాపు పావు వంతు ఉంటుంది. మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. కారు ఒక్కసారిగా ఆగితే పట్టీలు ఒంటిని ఆపుతాయి, కానీ బరువైన తల ముందుకి విసురుగా వెళ్తుంది. ఆ లాగుడంతా లేత మెడ మీదే. అందుకే పసిపిల్లల సీటు కారు వెనక వైపుకి తిరిగి ఉండాలి. అప్పుడు తల, మెడ, వీపు మూడింటినీ సీటే ఒకేసారి కాస్తుంది.

నాలుగు దశలు.. నాలుగు రకాలు

మొదటి దశ: పుట్టిన రోజు నుంచే వెనక్కి తిరిగి ఉండే సీటు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చే మొదటి ప్రయాణం కూడా ఇందులోనే. యూరప్‌లో కొత్త ప్రమాణం ఆర్129 ప్రకారం కనీసం 15 నెలలు నిండేదాకా పిల్లల్ని ముందుకి తిప్పకూడదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఇంకో అడుగు ముందుకేసింది. ఇదివరకు రెండేళ్లు అని చెప్పేది, 2018లో ఆ వయసు లెక్కే తీసేసి, సీటు మీద రాసిన గరిష్ఠ ఎత్తు లేదా బరువు దాటేదాకా వెనక్కే ఉంచమంది. స్వీడన్‌లో నాలుగేళ్ల దాకా ఇలాగే కూర్చోబెట్టడం మామూలు.

కాళ్లు ముడుచుకోవాల్సి వస్తోందని చాలామంది త్వరగా ముందుకి తిప్పేస్తారు. కాళ్లు మడిచి కూర్చోవడం పిల్లలకి ఇబ్బందే కాదు. ఇంట్లో బాసింపట్టు వేసుక్కూర్చునే పిల్లలే కదా! చూడాల్సింది కాళ్లు కాదు, తల. తల పైభాగం సీటు అంచుకి చేరువవుతోందా, బరువు లిమిట్ దాటుతోందా అన్నదే గుర్తు.

రెండో దశ: ముందుకి తిరిగి ఉండే, ఐదు పట్టీల సీటు. భుజాల మీద రెండు, తుంటికి రెండు, కాళ్ల మధ్య ఒకటి. చాలా మోడల్స్‌లో 18 కిలోల దాకా దీన్ని వాడుకోవచ్చు, కొన్నింటిలో ఇంకా ఎక్కువే.

మూడో దశ: బూస్టర్. ఇది పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టి, పెద్దల బెల్టు సరైన చోట ఆనేలా చేస్తుంది. వీపు, తల పక్కలకి ఆసరా ఉండే బూస్టర్ అయితే మంచిది, నిద్రలో తల వాలిపోకుండా ఆపుతుంది. మన దగ్గర అందరూ వదిలేసేది ఈ దశనే. ‘యూకేజీకి వచ్చాడు, ఇంకా సీటేంటి’ అనేస్తారు. కానీ 4 నుంచి 8 ఏళ్ల పిల్లల్లో ఉత్త బెల్టుతో పోలిస్తే బూస్టర్ వాడితే తీవ్ర గాయాల ముప్పు 45 శాతం తగ్గుతుందని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది.

నాలుగో దశ: పెద్దల బెల్టు. దీనికి వయసు కాదు, ఇంట్లోనే చేసుకునే ఐదు ప్రశ్నల టెస్టు ఉంది. వీపు సీటుకి పూర్తిగా ఆనిందా? మోకాళ్లు సీటు అంచు దగ్గర కిందకి వంగుతున్నాయా? కింది పట్టీ తుంటి మీదే ఉందా? పై పట్టీ మెడకి తగలకుండా భుజం మధ్యలో ఉందా? ప్రయాణమంతా అలాగే కూర్చోగలరా? ఐదింటికీ అవును అంటేనే బూస్టర్ తీసేయాలి. ఒక్కదానికి కాదన్నా ఇంకొన్నాళ్లు ఆగాల్సిందే. అప్పుడు కూడా వెనక సీట్లోనే.

‘పెద్దోడయ్యాడు’ అనే తొందర

గమనిస్తే, ఒక దశ నుంచి ఇంకో దశకి మారిన ప్రతిసారీ రక్షణ కొంత తగ్గుతూ వస్తుంది. వెనక్కి తిరిగిన సీటుకంటే ముందుకి తిరిగినది తక్కువ, దానికంటే బూస్టర్ తక్కువ. అందుకే ఇది స్కూల్లో పై క్లాసుకి ప్రమోషన్ లాంటిది కాదు. ఎంత ఆలస్యంగా మారిస్తే అంత లాభం. పక్కింటి పిల్లాడు మారాడని మన పిల్లాణ్ని మార్చాల్సిన పని లేదు. ఒకే వయసు పిల్లల్లో ఎత్తు, బరువు వేరువేరుగా ఉంటాయి. పెట్టె మీద రాసిన వయసుని కాకుండా సీటు మీద రాసిన ఎత్తు, బరువులనే నమ్మండి.

5 స్టార్ కారుంటే సరిపోతుందా?

ఇప్పుడు కారు కొనేవాళ్లు ముందు అడిగేది స్టార్ రేటింగే. 2023 అక్టోబరు నుంచి మన దేశానికి సొంతంగా భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్ట్ వచ్చింది. మొదట రేటింగ్ అందుకున్న టాటా సఫారీ, హారియర్‌లకి పిల్లల రక్షణలో 49 పాయింట్లకి 44.54 వచ్చాయి. మంచి మార్కులే.

అయితే ఆ మార్కులు ఎలా వచ్చాయన్నది చాలామంది చూడరు. పరీక్షలో 18 నెలల పాప, మూడేళ్ల పిల్లాడి సైజు బొమ్మల్ని పిల్లల సీట్లలో సరిగ్గా కూర్చోబెట్టి, ఆ తర్వాతే కారుని ఢీకొట్టిస్తారు. ఒళ్లో పెట్టుకుని కాదు. అంటే లక్షలు పోసి 5 స్టార్ కారు కొని, పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే పిల్లల రక్షణకి వచ్చిన ఆ స్టార్లు ఆ పాపకి వర్తించవు. రేటింగ్‌లో సగం కారుదైతే, మిగతా సగం మీరు కొనే సీటుది.

కొనేటప్పుడు ఏం చూడాలి?

ముందుగా లేబుల్. సీటు మీద ఆరెంజ్ రంగు స్టిక్కర్, దాని మీద వలయంలో ‘ఇ’ అక్షరం, పక్కన ఒక నంబరు ఉంటే అది ఐక్యరాజ్యసమితి ప్రమాణం ప్రకారం పరీక్షించినదని అర్థం. పాత ప్రమాణం ఆర్44 బరువు ప్రకారం, కొత్త ప్రమాణం ఆర్129 ప్రధానంగా ఎత్తు ప్రకారం నడుస్తుంది. ఆర్129లో పక్క నుంచి తగిలే దెబ్బకి కూడా పరీక్ష ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో 2024 సెప్టెంబరు నుంచి ఆర్44 సీట్ల అమ్మకం ఆగిపోయింది. మన దేశానికి ఏఐఎస్-072 అనే ప్రమాణం ఉంది. ఏ లేబులూ లేకుండా, ‘సేఫ్టీ సీటు’ అని పేరు పెట్టి అమ్మే ఉత్త గుడ్డ బెల్టులు, బెల్టుని కిందకి లాగే క్లిప్పుల మీద నమ్మకం పెట్టుకోవద్దు.

రెండోది, మీ కారు. కొత్త కార్లలో చాలావాటికి వెనక సీటు మూలల్లో ఐసోఫిక్స్ అనే ఇనుప కొక్కేలుంటాయి. సీటుని వాటికే నేరుగా బిగించవచ్చు, తప్పు జరిగే అవకాశం తక్కువ. మీ కారులో అవి లేవా? కంగారు అక్కర్లేదు. బెల్టుతో బిగించే సీట్లు కూడా సరిగ్గా బిగిస్తే రక్షణ ఇస్తాయి. కొనేముందు షాపులోనే మీ కారులో పెట్టించి చూడండి. ఎంత ఖరీదైనదైనా మీ కారుకి సరిగ్గా అమరకపోతే వృథానే.

మూడోది, సెకండ్ హ్యాండ్. బంధువులు ఇచ్చిన సీటు వాడొచ్చు, కానీ దాని చరిత్ర తెలిసుండాలి. ఒకసారి గట్టి ప్రమాదంలో ఉన్న సీటు బయటికి బాగానే కనిపించినా లోపల బీటలుండొచ్చు. ప్లాస్టిక్‌కి కూడా వయసైపోతుంది. సీటు వెనకో, కిందో తయారీ తేదీ, వాడకం గడువు ఉన్నాయేమో చూడండి. విదేశాల నుంచి వచ్చే మనవాళ్లతో తెప్పించుకునేవాళ్లు ఇంకో విషయం గమనించాలి. అమెరికా సీట్ల బిగింపు పద్ధతి, ప్రమాణం వేరు. మన కారులో కుదురుతుందో లేదో తెలుసుకోకుండా సూట్‌కేసులో మోసుకు రావద్దు.

బిగించడంలోనే సగం ఉంది

సీటు బిగించాక బెల్టు వెళ్లే చోట పట్టుకుని గట్టిగా ఊపండి. ఒక అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. పట్టీలు పెట్టాక భుజం దగ్గర వేళ్లతో గిల్లి చూడండి. పట్టీ మడత చేతికి అందిందంటే వదులుగా ఉన్నట్టు. వెనక్కి తిరిగిన సీటులో పట్టీలు భుజాల ఎత్తులో లేదా కాస్త కింద నుంచి, ముందుకి తిరిగిన సీటులో భుజాల ఎత్తులో లేదా కాస్త పై నుంచి రావాలి. ముందుకి తిరిగిన సీటుకి పైన పట్టీ ఉంటే దాన్ని కారు వెనక కొక్కేనికి తగిలించడం మర్చిపోవద్దు. మందపాటి స్వెట్టర్ మీద పట్టీలు వేయొద్దు. స్వెట్టర్ తీసి, పట్టీలు బిగించి, పైన దుప్పటి కప్పండి. ఎండాకాలం కారు బయట పెట్టి వస్తే బకిల్ ఇనుము కాలిపోతుంటుంది, పిల్లల్ని కూర్చోబెట్టే ముందు చేత్తో ముట్టుకుని చూడండి.

అన్నిటికంటే ముఖ్యం: ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉన్న ముందు సీట్లో వెనక్కి తిరిగిన పిల్లల సీటు ఎప్పుడూ, ఏ పరిస్థితిలోనూ పెట్టకూడదు.

ఏడిస్తే? క్యాబ్ ఎక్కితే?

‘మా పాప అస్సలు కూర్చోదు’ అన్నది ప్రతి ఇంట్లో మాటే. పుట్టినప్పటి నుంచి అలవాటైన పిల్లలకి కారంటే ఆ సీటే. మధ్యలో మొదలుపెడితే కొన్నాళ్లు గోల తప్పదు. ముందు ఇంట్లోనే సీటు పెట్టి ఆడుకోనివ్వండి, తర్వాత చిన్న చిన్న ప్రయాణాలు. ఏడుపు ఆగకపోతే కారు పక్కకి ఆపి ఎత్తుకోండి. నడుస్తున్న కారులో పట్టీలు విప్పొద్దు. నెలల పిల్లలతో దూర ప్రయాణమైతే మధ్య మధ్యలో ఆగి సీట్లోంచి తీయాలి. కారు దిగాక కూడా అదే సీట్లో గంటలు గంటలు నిద్రపోనివ్వడం మంచిది కాదు.

ఇంట్లో పెద్దవాళ్లని ఒప్పించడం ఇంకో పని. ‘మిమ్మల్నందర్నీ ఒళ్లోనే పెంచాం’ అంటారు. అప్పటి రోడ్లు, అప్పటి వేగాలు వేరు అని నెమ్మదిగా చెప్పాలి. అమెరికాలో మనవల్ని చూడటానికి వెళ్లొచ్చిన అమ్మమ్మలు, నానమ్మలకి ఇది కొత్తేం కాదు. అక్కడ అన్ని రాష్ట్రాల్లోనూ పిల్లల సీటు తప్పనిసరి. అక్కడ మనవరాలు సీట్లో కూర్చున్నప్పుడు ఇక్కడి మనవరాలు ఎందుకు కూర్చోకూడదు?

క్యాబ్‌లో సీటు దొరకడం ఇప్పటికైతే కష్టమే. తేలికపాటి బూస్టర్ అయితే చేతిలో పట్టుకెళ్లొచ్చు. చిన్న పిల్లలుంటే బెల్టుతో బిగించే సీటు వెంట తీసుకెళ్లడమే సరైన దారి. ఏదీ కుదరని రోజు కనీసం ముందు సీటు మానేయండి, వెనక కూర్చోండి, ఒకే బెల్టుని మీకూ పాపకీ కలిపి చుట్టొద్దు. ప్రమాదంలో మీ బరువే పాపని నలిపేస్తుంది.

వెయ్యి రూపాయల కోసం కాదు

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 18 ఏళ్ల లోపువాళ్లు 9,528 మంది, అంటే రోజుకి 26 మంది. సీటు బెల్టు పెట్టుకోక చనిపోయిన వాళ్లు 16,715 మంది అయితే, అందులో 8,331 మంది డ్రైవర్లు కాదు, ప్రయాణికులు. అదే ఏడాది సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీట్లో బెల్టు లేకుండా ప్రయాణిస్తూ చనిపోయాకే వెనక సీటు బెల్టు గురించి దేశమంతా మాట్లాడింది. పిల్లల సీటు గురించి అలా మాట్లాడుకోవడానికి ఇంకో విషాదం అవసరమా?

పిల్లల సీటు సరిగ్గా వాడితే కార్లలో ఏడాది లోపు పిల్లల మరణాల ముప్పు 71 శాతం, ఒకటి నుంచి నాలుగేళ్ల వాళ్లలో 54 శాతం తగ్గుతుందని అమెరికా హైవే భద్రతా సంస్థ అంచనా. ప్రభుత్వం చేయాల్సింది ఉంది. 194బీలోని ‘లేదా’ స్థానంలో ఎత్తు, వయసు ప్రకారం స్పష్టమైన రూల్ రావాలి. మధ్యతరగతికి అందే ధరల్లో సీట్లు దొరకాలి. క్యాబ్‌ల సంగతీ తేల్చాలి. అవన్నీ వచ్చేదాకా మీ పిల్లలు ఎదగడం ఆపరు కదా. ఈ వారం ఒక పని చేయండి. పిల్లల ఎత్తు, బరువు కొలవండి, సీటు ఉంటే దాని మీద లేబుల్ చదవండి. రెండూ సరిపోతున్నాయో లేదో చూసుకున్నాకే ఊరికి బయల్దేరండి.